లాడ్ బజార్‌ల ఎల్లయ్య అనే మనిషి లేడు

గౌలిపురా, మే ఆరు

చిరంజీవి స్రవంతికి,

ముందు ఆశీర్వాదం, వెనుక లాల్ సలాం. ఈ రెండూ అయినంక మూడోది కోపం. ఉత్తరం నిండా ఆ మూడోదే ఉంటది కాబట్టి కూర్చొని చదువు.

ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడుగుతవు. ఫోన్ల అయితే నువ్వు రెండు మాటలకే నన్ను నవ్విస్తవు, నా కోపం పాడైతది. కాగితం మీద కోపం నిలబడుతది. జవాబు కూడా కాగితం మీదనే రావాలె.

సంగతి చెప్త. లాడ్ బజార్‌ల రామ్‌చందర్ సేఠ్ గాజుల దుకాణం నీకు తెలుసు, నీ పెండ్లి గాజులు అక్కడియే. ఆ దుకాణంల పై అరల నుంచి డబ్బాలు దించే మనిషిని కూడా చూసే ఉంటవు. తెల్ల మీసాలు, భుజం మీద ఎప్పుడూ ఒక తుడుపు గుడ్డ. మన దుకాణ కార్మికుల సంఘం సభ్యుడు. ఆయన పేరు ఎల్లయ్య. దుకాణంల ఆ పేరు ఎవ్వరి నోట్లె లేదు. ఈ బజార్‌ల పనికి కుదిరితే మనిషి తన పేరును గడప బయట విడిచి పోవాలె, లోపల అందరూ ఛోటూలే, అంటే చిన్న పోరగాళ్ళే. ఈయనతోని చేరినోళ్ళు పెద్దయినంక వేరే పనులు చూసుకున్నరు. ఈయన తాత అయినా ఛోటూగానే మిగిలిండు.

పోయిన వారం ఆయన అన్నం డబ్బా ఇంట్ల మర్చిపోతే కోడలు వరమ్మ పట్టుకొచ్చింది. ఎల్లయ్య ఉన్నడా అని అడిగింది. గల్లాపెట్టె కాడ కూర్చున్న గుమస్తా "గా పేరుతోని ఇక్కడ ఎవ్వరు లేరమ్మా" అన్నడు. ఆ పిల్ల పక్క దుకాణం, దాని పక్క దుకాణం తిరిగి తిరిగి, మామకు ఏమో అయిందని ఏడ్చుకుంట ఇంటికి పోయింది. మామ మాత్రం అదే దుకాణం లోపలి గదిల డబ్బాలు సర్దుతున్నడు. ఆ పూట ఆయనకు అన్నం లేదు. తాను పనిచేసే దుకాణంలనే ఆయన లేడు.

నేను ఊకుంటనా? సంఘం తరఫున పోయి నిలదీసిన. ఎల్లయ్యను ఎల్లయ్య అనే పిలవాలె, బజార్‌ల నలుగురు వినంగ పిలవాలె అన్న. సేఠ్ నవ్వి అద్దం దిక్కు చూపించిండు. డబ్బులు కొట్టే స్కానర్ పక్కన ఒక పేపర్ ముక్క అతికించి ఉన్నది. చూస్తే నీ ఫోటో. ఆదివారం పేపర్ల నువ్వు రాసిన వ్యాసం. ఒక్క వాక్యం కింద ఎర్ర గీత: పేరుకు అర్థం ఉండదు, అది మనిషిని చూపించే వేలు మాత్రమే.

"సెక్రటరీ సాబ్, మీ బిడ్డనే రాసింది. పేరుకు మత్లబే లేదట. ఇగ ఛోటూ అంటె ఏంది, ఎల్లయ్య అంటె ఏంది? వేలు చూపిస్తున్న, మనిషి వస్తున్నడు." సేఠ్ అన్న మాటలు ఇవి.

నా బిడ్డ రాసిన మాటతోని నన్నే కొట్టిండు. నువ్వు తత్వశాస్త్రం చదువుతానంటే మీ నాయిన వద్దన్నడు, నేనే కదా లొల్లి పెట్టి చదివించమన్నది. కార్మికులకు పనికొస్తదనుకున్న. సేఠ్‌లకు పనికొచ్చింది. వచ్చే ఆదివారం అదే పేపర్ల ఆ వాక్యం తప్పని రాయి.

ఇట్లు మండుతున్న
మీ చిన్నాయన కైలాసం,
కార్యదర్శి, దుకాణ కార్మికుల సంఘం

తా.క. నీ వ్యాసం చదువుతానని మీ చిన్నమ్మ అన్నది. పేపర్ కొనుడెందుకు, సేఠ్ అద్దం మీద ఉన్నది పోయి చదువుకో అన్న. పోయి చదివి, అదే దుకాణంల గాజులు కూడా కొనుక్కొని వచ్చింది.


తార్నాక, మే పదకొండు

చిన్నాయనకు నమస్కారాలు.

నీ కోపం చెక్కుచెదరకుండా అందింది. పోస్టు వాళ్ళను మెచ్చుకోవాలి.

సేఠ్ ఆ వాక్యం కింద గీత గీశాడు, దాని తర్వాతి వాక్యాన్ని కత్తెరతో తీసేసి ఉంటాడు. అక్కడ నేను రాసింది ఇది: పేరుకు అర్థం లేకపోవచ్చు, పిలుపుకు ఉంటుంది. పిలవడం ఒక పని. అరవై దగ్గరపడ్డ మనిషిని ఛోటూ అన్నప్పుడు సేఠ్ ఆయన వయసు చెప్పడం లేదు. నువ్వెంత పెరిగినా నా దుకాణంలో నీ ఎత్తు ఇంతే అని రోజూ నిలబెట్టి కొలుస్తున్నాడు. ఇది నీ వైపు మాటే. నువ్వు కూడా అద్దం మీద ఉన్నంతవరకే చదివి నా మీద పడ్డావు, అందుకు నాకూ కోపం వచ్చింది.

ఇంకో సంగతి. మాటకు అర్థం నిఘంటువు ఇవ్వదు, సేఠ్ ఇవ్వడు, నేనూ ఇవ్వలేను. నలుగురూ కలిసి వాడగా వాడగా వస్తుంది. అదొక ఉమ్మడి శ్రమ. మీ సంఘం భాషలో చెప్పాలంటే మాటలు ఎవరి సొంత ఆస్తీ కావు. నువ్వు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ దగ్గర ఏళ్ళ తరబడి చెప్పిన సిద్ధాంతం భాషలో ఎప్పటినుంచో అమల్లో ఉంది. ఎవరైనా ఒక్కడు వచ్చి, ఈ మాటకు నేను చెప్పిందే అర్థం అని కంచె వేయబోతే అక్కడే గొడవ మొదలవుతుంది.

అందుకని సేఠ్ ఒక్కడు మారితే సరిపోదు. మనుషుల్ని పేరుతో పిలవడం అందరికీ అలవాటు కావాలి. నువ్వు ముందు మీ ఇంటి నుంచి మొదలుపెట్టు చిన్నాయనా. ఆ మాట మాత్రం మర్చిపోకు.

ప్రేమతో, కొంచెం అలకతో,
స్రవంతి

తా.క. మా గృహప్రవేశం కార్డు అందిందా? శ్రీ కైలాసం దంపతులకు అని రాసి పంపాను. చిన్నమ్మకు గాజులు సరిపోయాయా?


గౌలిపురా, మే ఇరవై నాలుగు

చిరంజీవి స్రవంతికి,

ఈసారి లాల్ సలాం లేదు, ఆశీర్వాదం ఒక్కటే. ఎందుకో చదివితే తెలుస్తది.

నువ్వు చెప్పినట్టే ఇంటి నుంచి మొదలుపెట్టిన. మేముండేది అంజన్న డెయిరీ పైన కదా. ఆయన బర్రెలన్నిటినీ హే అనే పిలుస్తడు. పొద్దుగాల లేచి పాలిచ్చే శ్రామికులకు పేరు లేకుంటే ఎట్ల? ఒక్కొక్కదానికి పేరు పెట్టించిన. శాంతి, ప్రగతి, క్రాంతి. రోజూ పొద్దున కిటికీల నుంచి పేరు పెట్టి పిలుస్తున్న. క్రాంతి అయితే తల ఎత్తి చూస్తది. మీ చిన్నమ్మను "ఇగో, ఇటు రా, చూడు" అని పిలిచి చూపించిన. ఆమె కాసేపు బర్రె దిక్కు చూసింది, కాసేపు నా దిక్కు చూసింది. తర్వాత వంటింట్లకు పోయింది.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం సంఘంల అందరికీ చదివి వినిపించిన. మాటలు ఎవరి సొంత ఆస్తీ కావు అన్న కాడ చప్పట్లు కొట్టిండ్రు. ఆ ఊపుల నేను లేచి అడిగిన, మాటలు ఉమ్మడివైతే పేర్లు మాత్రం సొంతం ఎట్లయితయి అని. ఎల్లయ్య తన పేరును జేబుల పెట్టుకొని తిరిగితే అది కూడా సొంత ఆస్తే కదా? ఎవరో ఏదో అనబోయిండ్రు, కూర్చోమన్న. తీర్మానం అయిపోయింది. లాడ్ బజార్‌ల పనిచేసేటోళ్ళు అందరూ ఒకరినొకరు కామ్రేడ్ అనే పిలుచుకోవాలె. ఛోటూ పోయె, పేర్లు పోయె, అందరూ సమానం.

మొదటి రోజు పొద్దున ఎవరో "కామ్రేడ్, చాయ్ తే" అని కేకేసిండ్రు. గల్లీల ఉన్నోళ్ళంత తలెత్తి చూసిండ్రు. ఎవ్వరూ కదలలేదు. తెచ్చేది తాను కాదని అందరికీ గట్టి నమ్మకం. మధ్యాహ్నం నిచ్చెన మీదున్న మనిషి "కామ్రేడ్, పట్టు" అని మట్టిగాజుల డబ్బా విడిచిండు. కింద ఉన్నోళ్ళు అందరూ ఇంకో కామ్రేడ్ పట్టుకుంటడని ఊకున్నరు. ఒక పెండ్లిపిల్ల గాజులన్నీ నేల పాలైనయి. పెండ్లిపిల్ల తల్లి మమ్మల్ని తిట్టిన తిట్లల్ల కామ్రేడ్ అనే మాట లేదు, అదొక్కటే సంతోషం.

అది కూడా ఓర్చుకున్న. ఓర్చుకోలేనిది సేఠ్ చేసిండు. రెండో రోజే ఆయన కూడా నేర్చుకున్నడు. గద్దె మీద నుంచి లేవకుండ, ఫోన్ మీది చూపు తియ్యకుండ, "ఏయ్ కామ్రేడ్, గా డబ్బా ఇటు తే" అన్నడు. అదే గొంతు, అదే వేలు. ఎల్లయ్య తెచ్చిండు. మేము జెండా కింద నిలబడి, లాఠీ దెబ్బలు తిని సంపాదించుకున్న మాట అది. ఒక్క పూటల దాన్ని తీసుకుపోయి ఛోటూను చేసి పెట్టిండు. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి స్రవంతి. ఫ్యాక్టరీ గుంజుకున్నా, జాగ గుంజుకున్నా చూసిన. మాటను గుంజుకునుడు ఇప్పుడే చూస్తున్న.

కామ్రేడ్ తీర్మానం వాపసు తీసుకున్నం. కొత్తది నేనే రాసిన: "పక్కన పనిచేసే మనిషిని ఎవరైనా పేరు పెట్టి పిలవకుంటే, పిలిచేదాక వాళ్ళు ఏ పదవిలోనూ ఉండరాదు." సేఠ్ బజార్ వ్యాపారుల కమిటీకి అధ్యక్షుడు. ఆయన కొలతలు తీసుకొని కుట్టిన తీర్మానం ఇది. వ్యాపారుల కమిటీకి కూడా పంపిన. ఒప్పుకుంటే పిలవాలె, ఒప్పుకోకుంటే బజార్‌ల ఇజ్జత్ పోవాలె.

ఇట్లు నీ సిద్ధాంతంతోని నష్టపోయిన
మీ చిన్నాయన కైలాసం

తా.క. కార్డు అందింది. కామ్రేడ్ తీర్మానం నడిచిన రోజులల్ల అంజన్న కూడా క్రాంతిని కామ్రేడ్ అని పిలిచిండు. అది తన్నింది. మా అందరికంటె దానికే రాజకీయం ఎక్కువ తెలిసినట్టుంది.


తార్నాక, మే ఇరవై తొమ్మిది

చిన్నాయనకు నమస్కారాలు.

ఉమ్మడి ఆస్తి అంటే ఎవరిదీ ఉండకూడదని కాదు. మూసీ నది ఉమ్మడిది అన్నంత మాత్రాన ఇంట్లో బిందెలు పగలగొట్టుకోం కదా. నేను చెప్పింది ఒకటి, నువ్వు నాతో చెప్పించింది ఒకటి. కాలేజీలో పిల్లలు కూడా నన్ను ఇంతగా మార్చి రాయరు.

కానీ సేఠ్ గురించి నువ్వు రాసింది నేను రెండుసార్లు చదివాను. మాట తన అర్థాన్ని వెంట మోసుకురాదు. ఎవరు ఎక్కడ కూర్చొని, ఎవర్ని నిలబెట్టి అంటున్నారో అందులోంచి వస్తుంది. గద్దె అలాగే ఉంటే, వేలు అలాగే ఉంటే, ఎంత గొప్ప మాటైనా అక్కడ ఛోటూ అయిపోతుంది. మాటను వాపసు తెచ్చుకోవాలంటే ముందు ఆ వేలు దిగాలి. ఇంతకు మించి మా శాస్త్రంలో ఏమీ లేదు.

రెండు ప్రశ్నలు. మొదటిది, ఇంత లొల్లిలో ఎల్లయ్యను ఎవరైనా అడిగారా? రెండోది, నీ తీర్మానంలో సేఠ్ అని రాయలేదు, ఎవరైనా అని రాశావు. ఆ ఎవరైనా అన్న మాటలో ఎవరెవరు వస్తారో ఒకసారి ఆలోచించు. ఇంటి నుంచి మొదలుపెట్టమంటే డెయిరీ నుంచి అని కాదు నేనన్నది.

ప్రేమతో,
స్రవంతి

తా.క. చిన్నమ్మ నిన్న నాకు ఫోన్ చేసింది. సంఘం మీటింగుల్లో సభ్యులు కాని వాళ్ళు కూడా ప్రశ్న వేయవచ్చా అని అడిగింది. వేయవచ్చనుకుంటాను అన్నాను. ఎందుకో చెప్పలేదు.


గౌలిపురా, జూన్ పద్నాలుగు

చిరంజీవి స్రవంతికి,

లాల్ సలాం చెప్పే అధికారం నాకు ఇప్పుడు ఉన్నదో లేదో తెల్వదు. ఆశీర్వాదం మాత్రం ఇస్తున్న, అది కూడా కోపంతోనే.

నువ్వన్నట్టే ఎల్లయ్యను అడిగిన. ఆయన దుకాణం అద్దం తుడుస్తున్నడు. తుడుసుడు ఆపి అన్నడు: "సాబ్, ఛోటూ అంటె నా కాళ్ళు లేస్తయి. ఎల్లయ్య అంటె నేను లేస్త." అంతే. మళ్ళ తుడుసుడు మొదలుపెట్టిండు. నీ వ్యాసం మీదనే తుడిచిండు, నీ ఫోటో సగం పోయింది.

సేఠ్ మా తీర్మానాన్ని లెక్క చెయ్యలేదు. ఆయన్ని వంచింది వరమ్మ. ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకొని దుకాణం ముందట నిలబడి, బజార్ మొత్తం వినంగ "ఎల్లయ్య ఉన్నడా?" అని అడుగుతది. గుమస్తా ఉన్నడన్నా పోదు. సేఠ్ నోటి నుంచే వినాలె అంటది. గాజులు కొననీకి వచ్చిన ఆడోళ్ళు కొనుడు ఆపి, ఎవరీ ఎల్లయ్య, ఏమైండు అని అడుగుడు మొదలుపెట్టిండ్రు. చివరికి సేఠ్ మనిషిని పంపిండు. మీటింగ్ పెట్టుకోండి, వస్త, అందరి ముందట తేల్చుకుందం అని.

నిన్న సాయంత్రం మీటింగ్. గదిల జాగ చాలక మెట్ల మీద కూడా కూర్చున్నరు. నేను తీర్మానం చదివి, సేఠ్‌ను నిలబెట్టి, ఈ మనిషి పేరు చెప్పు అన్న. చెప్పలేడనే అనుకున్న. తర్వాత మాట్లాడనీకి ఉపన్యాసం కూడా తయారు చేసుకున్న.

సేఠ్ లేచిండు. ఫోన్ జేబుల పెట్టుకున్నడు. "ఎల్లయ్యా" అన్నడు.

ఎల్లయ్య వెనక్కి తిరిగి చూసిండు, ఎవర్ని పిలుస్తున్నడా అని. సేఠ్ ఇంకోసారి పిలిచిండు, అప్పుడు ఎల్లయ్య లేచిండు. సేఠ్ ఆయన దిక్కే చూసుకుంట అన్నడు: "నీ పేరు నాకు తెల్వదా భాయ్? మా బాపు నిన్ను పనిల పెట్టుకున్ననాడే చెప్పిండు. పేరు పెట్టి పిలిస్తె నువ్వు నాకంటె పెద్దోనివైతవు. గందుకే పిలువలె."

నలుగురి ముందట ఇంత మాట ఒప్పుకున్నడు. ఎల్లయ్య భుజం మీది గుడ్డతోని మొఖం తుడుచుకున్నడు. వరమ్మ ఏడ్చింది. నేను కూడా ఏడ్చేటోన్నే. నా ఉపన్యాసం మొత్తం వృథా అయిందన్న కోపం ఒకటి అడ్డం వచ్చింది. అయినా గెలిచింది మనమే కదా అని లేచి ముగింపు మాటలు మొదలుపెట్టిన.

అప్పుడు మీ చిన్నమ్మ, చాయ్ గ్లాసులు పళ్ళెంల సర్దుతున్నదల్ల, పళ్ళెం కింద పెట్టి చెయ్యెత్తింది. సభ్యులు కాని వాళ్ళు కూడా ప్రశ్న వేయవచ్చని నీతోని ఫోన్ల ఖాయం చేసుకున్నదట.

"సెక్రటరీ సాబ్, నీ జెండాలు కుట్టిన. పోస్టర్లకు మైద ఉడికిచ్చిన. నువ్వు జైల్ల ఉన్నప్పుడు చందాలు అడుక్కచ్చిన. నేను నీ పక్కన పనిచేస్తున్ననా, లేదా?"

చేస్తున్నవన్న.

"అయితె నా పేరు జెప్పు."

మా పిల్లగాని పేరు పెట్టి, పింటూ వాళ్ళమ్మ అన్న. అది పింటూ పేరు అన్నది. మా ఇంట్ల మనిషి అన్న. అది ఇంటి పేరు అన్నది. మీ చిన్నమ్మ అనబోయి, నువ్వు అక్కడ లేవని గుర్తొచ్చి ఆగిన. మెట్ల మీద నుంచి నవ్వు మొదలైంది.

నాకు ఆమె పేరు తెల్వక కాదు స్రవంతి. రేషన్ కార్డు మీద చూస్తనే ఉంట. మా అమ్మ మా నాయిన పేరు చెప్పలేదు, మా నాయిన మా అమ్మ పేరు చెప్పలేదు. నలుగురిల పెండ్లాం పేరు పెట్టి పిలుసుడు మర్యాద కాదని పెరిగినోన్ని. పేరు మనసుల ఉన్నది, నాలుక మీదికి రాదు. నోరు తెరిచిన, దగ్గు వచ్చింది. సేఠ్ లేచి నాకు నీళ్ళ గ్లాసు అందించిండు. వర్గశత్రువు చేతి నీళ్ళు తాగిన నేను. తాగినంక కూడా పేరు రాలేదు.

సేఠ్ చాలా మర్యాదగా తీర్మానం కాగితం అడిగి తీసుకొని, ఎవరైనా అన్న మాట కాడ వేలు పెట్టి చదివిండు. వాళ్ళు ఏ పదవిలోనూ ఉండరాదు. ఓటుకు పెట్టిండ్రు. అందరికంటె ముందు చెయ్యెత్తింది ఎవరనుకుంటున్నవు? ఎల్లయ్య. నేను ఆయన పేరు కోసం కొట్లాడితే, ఆయన నా పదవి తీసిండు. నేను పిలిచే దాక ఆ పదవి ఎవరికి ఇచ్చిండ్రో ఆమెనే అడుగు, నేను రాయను.

ఇదంతా నీ వ్యాసంతోనే వచ్చింది. ఇప్పుడు దీనికి జవాబు చెప్పు. ఆ పేరు నా మనసుల రోజూ ఉన్నది. జైల్ల ఉన్ననాడు కూడా ఉన్నది. మనసుల పెట్టుకున్న మాట మాట కాదా? నలుగురు వింటేనే మాట అంటవా? మరి నేను ఇన్నేండ్లు లోపల దాచుకున్నది కూడా సొంత ఆస్తి కిందనే జమ కడతవా? జవాబు కాగితం మీద రాయి. మెల్లగ రాయి, నొప్పి పెట్టకుండ.

ఇట్లు
మీ చిన్నాయన కైలాసం,
మాజీ కార్యదర్శి

తా.క. అమ్మా స్రవంతీ, ఉత్తరం పోస్టుల వెయ్యమని నాకిచ్చిండు, అందుకని అడుగున నేను రాస్తున్న. నీ గృహప్రవేశం కార్డు మీద నేను దంపతుల్ల ఉన్న. వచ్చేసారి కార్డు పంపితే విడిగ రాయి బిడ్డా, నా పేరు యశోద. అక్కడికక్కడే సభ్యత్వం రాయించుకొని నిన్ననే కార్యదర్శి అయిన. ఇయ్యాల్టి నుంచి మీటింగ్‌ల చాయ్ ఎవరి వంతు వాళ్ళదే అని మొదటి ఆర్డర్ వేసిన, ఈ పూట వంతు మీ చిన్నాయనది. ఆయన పొద్దున స్నానాల గదిల నల్లా విడిచి, ఆ నీళ్ళ సప్పుడుల నా పేరు అనుకుంట అలవాటు చేసుకుంటున్నడు. తలుపు బయట నిలబడి విన్న. ఇన్నేండ్లకు విన్న, మంచిగనిపించింది. బయటికొచ్చి నన్ను చూసి "ఇగో, తువ్వాల ఏది" అన్నడు.

ఒక మాట నీకే చెప్తున్న. తీర్మానం ప్రకారం చూస్తే నా పదవి కూడా పోవాలె. పెండ్లయిననాటి నుంచి నేను కూడా ఆయన పేరు ఒక్కసారి నోటితోని అనలేదు. ఆ సంగతి ఆయనకు ఇంకా తట్టలేదు. నువ్వు చెప్పకు.